విదేశాంగ శాఖ చరిత్ర రాయబోయే అమ్మాయికి

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

మన విదేశాంగ శాఖ చరిత్ర మీద పని మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్లేముందే, ఏ కాలంలో ఆ శాఖ పేరేమిటో, దాని చేతిలో ఏమేం ఉండేవో ఒక కాగితం మీద రాసిపెట్టుకో. చాలామంది తడబడేది ఇక్కడే.

1783 సెప్టెంబరు 13న కలకత్తాలో, గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ మీద రహస్య, రాజకీయ వ్యవహారాల భారం తగ్గించడానికి ఫారిన్ డిపార్ట్‌మెంట్ పుట్టింది. 1914లో ఫారిన్ అండ్ పొలిటికల్ అయింది. 1937లో రెండుగా చీలింది: ఎక్స్‌టర్నల్ అఫైర్స్ ఒకటి, సంస్థానాలు చూసే పొలిటికల్ ఇంకొకటి.

అంటే అంతకుముందు నైజాంతో నడిచిన వ్యవహారం కూడా ఫారిన్ కిందికే వచ్చేది. హైదరాబాద్ రెసిడెంట్ (నైజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి) ఉత్తరాల కోసం హోం శాఖ ఫైళ్లు తిరగేస్తూ కూర్చోకు. ఒప్పందాల మీద విదేశాలకు వెళ్లిన కూలీల సంగతి దీనికి తలకిందులు. నటాల్ (దక్షిణాఫ్రికా), మారిషస్, ఫిజీ వెళ్లిన మనవాళ్ల కాగితాలు ఫారిన్‌లో కాదు, రెవెన్యూ-వ్యవసాయ శాఖ ఎమిగ్రేషన్ (వలసల) బ్రాంచిలో చూడాలి. తర్వాత ఆ పని చూసిన శాఖలు వరసగా: 1905 నుంచి వాణిజ్యం-పరిశ్రమలు, 1923 నుంచి విద్య-ఆరోగ్యం-భూములు, 1941లో ఇండియన్స్ ఓవర్సీస్, 1944లో కామన్వెల్త్ రిలేషన్స్. ఈ పాయ 1947లో వచ్చి విదేశాంగంలో కలిసింది. నన్నడిగితే, తెలుగువాళ్లకు అసలు చరిత్ర ఉన్నది ఈ పాయలోనే.

అభిలేఖ్ పటల్‌లో (నేషనల్ ఆర్కైవ్స్ వారి వెబ్‌సైటు) వెతికేటప్పుడు ఆనాటి ఇంగ్లిష్ స్పెల్లింగులే కొట్టు. విశాఖపట్నం అంటే ఏమీ రాకపోవచ్చు, విజగపటం అని చూడు. ఫైలు తెప్పించుకునే స్లిప్పు మీద శాఖ, బ్రాంచి, ప్రొసీడింగ్స్ (శాఖ నిర్ణయాల, ఉత్తరాల రికార్డు) నెల, సంవత్సరం, నంబర్లు అన్నీ రాయాలి. బ్రాంచి వదిలేస్తే ఒకే నంబరు మీద వేరే కట్ట వచ్చే ప్రమాదముంది.

'ఎ' ప్రొసీడింగ్స్, అంటే ముఖ్యమైనవి, అచ్చయి ఉంటాయి, చదవడం తేలిక. అక్కడితో ఆగకు. జాబితాలో 'కె.డబ్ల్యు.' (కీప్ విత్, అంటే ఫైలుతో పాటు ఉంచిన నోట్లు, చిత్తుప్రతులు) అని కనిపిస్తే ఆ కాగితాలు తప్పక తెప్పించుకో. అచ్చులో నిర్ణయమే ఉంటుంది. ఎవరు అడ్డుపడ్డారో, సెక్రటరీ ఏ వాక్యం కొట్టేసి ఏం రాశాడో ఈ నోట్లలోనే బయటపడుతుంది.

1947 తర్వాతి కాలానికి, 25 ఏళ్లు దాటిన ఫైళ్లు ఆర్కైవ్స్‌కు చేరాలని 1993 చట్టం చెబుతుంది గానీ, అన్నీ చేరవు. ఆ ఖాళీల్లో శాఖ వార్షిక నివేదికలు, పార్లమెంటు చర్చలు పక్కపక్కన పెట్టుకుని చదువు.

మొదటి వ్యాసానికి 1937 నుంచి 1949 వరకే తీసుకో. బర్మా విడిపోవడం, 1946 అక్టోబరులో ఐ.ఎఫ్.ఎస్. (ఇండియన్ ఫారిన్ సర్వీస్) ఏర్పాటు, రెండు పాయలు కలవడం, అన్నీ అందులోనే వస్తాయి.

ఇట్లు,
నీ పెదనాన్న