నడకను రెండుసార్లు లెక్కించకండి
అమలాపురంలో రోజూ కాలువ గట్టున 5 కిలోమీటర్లు నడిచి, ఫోను చూపిన 300 కేలరీలను మీ 1,800 కేలరీల పరిమితికి కలుపుకొని తింటున్నారని, అయినా బరువు తగ్గడం లేదని రాశారు. పొరపాటు అక్కడే ఉన్నదండీ. ఆ పరిమితిని లెక్కగట్టేటప్పుడు ‘కొద్దిపాటి శ్రమ’ అనే 1.375 గుణకాన్ని (విశ్రాంతిలో శరీరానికి ఖర్చయ్యే కేలరీలను రోజువారీ శ్రమను బట్టి హెచ్చించే అంకె) ఎంచుకున్నారు కనుక, నడక అందులో ఇదివరకే చేరిపోయింది. గుణకాన్ని దాదాపు శ్రమ లేనివారికి వాడే 1.2కు మార్చుకుని పరిమితిని మళ్లీ లెక్కగడితే నడకను విడిగా కలుపుకోవచ్చు. అయితే ఫోను అంకెలో తరచుగా ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే కేలరీలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి, మన డెల్టా వంటి చదును నేల మీద ఒక్కో కిలో బరువుకు, ఒక్కో కిలోమీటరుకు సుమారు అర కేలరీ చొప్పున వేసుకోండి. 70 కిలోల మనిషికి అది 175 మాత్రమే. తిరిగి వచ్చేటప్పుడు నోట్లో వేసుకునే రెండు ఆత్రేయపురం పూతరేకులకే అది సరిపోవచ్చు. ఆ తప్పు నేనూ చేశాను. మూడు వారాలపాటు రోజూ పరగడుపున బరువు చూసుకొని, వారపు సగటు కదలకపోతే పరిమితిని మరో 100 తగ్గించండి.