పాత పోస్టు కింద కామెంట్ పెడితే తప్పా?

ప్రశ్న: ప్రింటర్ వైఫైకి కనెక్ట్ అవ్వక వెతుకుతుంటే ఒక గ్రూపులో ఐదేళ్ల కిందటి పోస్టు దొరికిందండి. అచ్చం నా సమస్యే, కానీ కింద ఉన్న సలహాలేవీ పనిచేయలేదు. చివరికి కిందా మీదా పడి నేనే కనుక్కున్నా, రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఆన్ చేస్తే కలిసింది. ఇంకొకరికి పనికొస్తుంది కదా అని అక్కడే రాస్తే, అడ్మిన్ వచ్చి "డేట్ చూసుకోరా, ఎప్పుడో చచ్చిన పోస్టుని లేపుతారేంటి" అని అందరి ముందూ కసిరి లాక్ చేసేశాడు. నేను చేసింది అంత తప్పా?
(పేరు రాయొద్దన్న పాఠకురాలు)

జవాబు: తప్పేం లేదండి. లాక్ చేసినా మీ కామెంట్ అక్కడే ఉంటుంది కాబట్టి రేపు వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి దొరుకుతుంది, ఆ మేరకు మీరనుకున్న పని అయిపోయినట్టే.

కాకపోతే ఆయనకి అంత కోపం ఎందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి. చాలా గ్రూపుల్లో చివరి కామెంట్ ఎప్పుడు పడిందనే దాన్నిబట్టి పోస్టుల వరస మారుతుంది, అంటే మీరొక్క ముక్క రాయగానే ఐదేళ్ల కిందటిది పైకొచ్చి కూర్చుంటుంది, ఇవాళ పొద్దున ఎవరో అడిగిన ప్రశ్న కిందకి జారిపోతుంది. పైగా అప్పట్లో కామెంట్ పెట్టినవాళ్ల ఫోన్లన్నీ మోగుతాయి. అసలు తమాషా ఆ తర్వాత మొదలవుతుంది, డేట్ చూడకుండా పదిమంది దిగిపోయి మొదట అడిగినాయనకి "కేబుల్ చెక్ చేశారా బ్రో" అని సలహాలు మొదలెడతారు, ఆయనేమో ఆ ప్రింటర్‌ని ఎప్పుడో పారేసి ఉంటాడు! ఇలాంటివి చూసీ చూసీ అడ్మిన్లకి పాత పోస్టు కదిలిందంటేనే చిర్రెత్తుకొస్తుంది. ఆ చిరాకు మీ మీద చూపించడం మాత్రం అన్యాయం.

దీనికి అన్నిచోట్లా ఒకటే రూలు లేదు. రెడిట్ అనే చర్చల సైట్‌లో ఒకప్పుడు ఆరు నెలలు దాటిన పోస్టు కింద కామెంట్ పెట్టనిచ్చేవాళ్లే కాదు, 2021లో దాన్ని ఆయా కమ్యూనిటీల మోడరేటర్ల ఇష్టానికి వదిలేశారు. ప్రోగ్రామర్లు వాడే స్టాక్ ఓవర్‌ఫ్లోలో పూర్తిగా రివర్సు, 60 రోజులు దాటిన ప్రశ్నకి జవాబు రాసి దానికి స్కోరు 5 వస్తే నెక్రోమాన్సర్ (అంటే చచ్చినవాళ్లని లేపే మాంత్రికుడు) అని వెండి బ్యాడ్జి ఇస్తారు. చర్చల సైట్లు నడపడానికి వాడే డిస్కోర్స్ సాఫ్ట్‌వేర్ అయితే "ఇది పాత టాపిక్, అయినా రాస్తారా" అన్నట్టు ఒకసారి హెచ్చరించి ఊరుకుంటుంది, నాకు ఇదే నచ్చింది.

ఈసారి రాసేటప్పుడు మొదటి లైన్లోనే "పాత పోస్టని తెలుసు, వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం రాస్తున్నా, ఫలానా మోడల్‌కి ఫలానా సెట్టింగు పనిచేసింది" అని పెట్టేయండి, డేట్ చూడనివాళ్లు కూడా అక్కడే ఆగుతారు.

ప్రశ్న: నా సమస్య కూడా పాత పోస్టులో ఉంది కానీ పరిష్కారం లేదు. "నాకూ ఇదే ప్రాబ్లం, ఏమైనా తెలిసిందా" అని కింద అడగొచ్చా?

జవాబు: వద్దండీ బాబూ. అందరి ఫోన్లూ మోగడం తప్ప దానివల్ల ఎవరికీ కొత్తగా తెలిసేదేం ఉండదు. ప్రోగ్రామర్లు తమ కోడ్ పెట్టుకునే గిట్‌హబ్‌లో ఇలాగే "ప్లస్ వన్, ప్లస్ వన్" (అంటే నాకూ ఇదే) అని కామెంట్లు కుప్పపోసి ప్రాజెక్టులు నడిపేవాళ్ల ప్రాణాలు తోడేస్తుంటే, విసిగిపోయి 2016 జనవరిలో చాలామంది కలిసి కంపెనీకి బహిరంగ లేఖ రాశారు, మార్చికల్లా అక్కడ రియాక్షన్ బటన్లు వచ్చాయి.

మీరు కొత్త పోస్టు పెట్టి అందులో పాతదాని లింకు ఇవ్వండి. మీ మోడల్ ఏంటి, పాత సలహాల్లో ఏవేవి ట్రై చేశారు, స్క్రీన్ మీద ఏం మెసేజ్ వచ్చింది, అంతా రాయండి. పైకి ఒకేలా కనిపించినా మధ్యలో నాలుగు అప్‌డేట్లు వచ్చి ఉంటాయి కాబట్టి కారణం వేరే అయ్యుండొచ్చు. పాతది చదివే వచ్చారని తెలిస్తే "ముందు సెర్చ్ చేసుకోండి" అనేవాళ్ల నోరు కూడా మూతపడుతుంది.

ప్రశ్న: ఎప్పుడో ఒక చర్చలో కాస్త ఘాటుగా వాదించాను. ఇప్పుడెవరో దాన్ని తవ్వితీసి "ఇప్పుడేమంటావ్" అని రోజూ ట్యాగ్ చేస్తున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: పాత సమస్యకి జవాబు రాయడం వేరు, పాత గొడవని కెలకడం వేరు. అప్పుడు వాదించినవాళ్లలో ఎంతమంది ఇంకా ఆ గ్రూపులో ఉన్నారో కూడా తెలీదు, అలాంటి చోట మళ్లీ మొదలెడితే తేలేదేం లేదు. మీరేం ఆయనకి బాకీ లేరు. నోటిఫికేషన్లు ఆపేసి, పోస్టు లాక్ చేయమని అడ్మిన్‌ని అడగండి. అయితే మీరు అప్పుడు రాసింది ఏ మందుల గురించో డబ్బు గురించో అయ్యుండి, అది తప్పని తర్వాత తేలితే మాత్రం, ఎవరితోనూ వాదన పెట్టుకోకుండా తేదీ వేసి కింద సవరణ రాయండి, ఎందుకంటే సెర్చ్‌లో అది ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

ప్రశ్న: పాత పోస్టు వల్ల నా పని అయింది, థాంక్స్ చెప్పడానికి దాన్ని లేపొచ్చా?

జవాబు: వట్టి థాంక్సే అయితే లైక్ కొట్టండి, లేదా రాసినవాళ్లకి విడిగా మెసేజ్ పెట్టండి. "ఇది కొత్త మోడల్‌లో కూడా పనిచేసింది" అని కలపగలిగితే మాత్రం పోస్టు కిందే రాసేయండి.