అంత డబ్బున్న అమెరికా వదిలి, పంటి కోసం తెనాలి రావడమేంటి?

ప్రశ్న: మా పెద్దమ్మాయి డాలస్‌లో ఉంటుంది. పంటికి రూట్ కెనాల్ చేయించాలట, సెలవులకి ఇండియా వచ్చి చేయించుకుంటానంటోంది. అంత డబ్బున్న దేశంలో వైద్యం మనకంటే చవగ్గా ఉండాలి కదండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అదేం లేదండీ, జరిగేది దానికి తలకిందులు. దేశం ఆదాయం పెరిగేకొద్దీ వైద్యం ఖర్చూ పెరుగుతుంది. 1977లో జోసెఫ్ న్యూహౌస్ అనే ఆర్థికవేత్త 13 సంపన్న దేశాల లెక్కలు తీస్తే, తలసరి వైద్య ఖర్చుల్లో ఉన్న తేడాలో 90 శాతానికి పైగా ఆదాయాల తేడాతోనే తేలిపోయింది. కడుపు నిండాక ఇంకో రెండు ముద్దలు తినలేం గానీ, చేతిలో డబ్బుంటే మోకాలికో స్కానింగ్, కంటికో కొత్త లెన్సు అంటూనే ఉంటాం. పైగా నర్సు పని మిషన్‌కి అప్పగించలేం. చుట్టూ అందరి జీతాలూ పెరుగుతుంటే ఆవిడకీ పెంచాల్సిందే, లేదంటే ఇంకో ఉద్యోగం చూసుకుంటుంది.

అమెరికా మరీ విడ్డూరం. ఆ ఆదాయానికి ఉండాల్సిన దానికంటే కూడా అక్కడి ఖర్చు ఎక్కువే. 2022లో జీడీపీలో 17 శాతం పైచిలుకు వైద్యానికే పోయింది, అంటే మనిషికి 13 వేల డాలర్ల పైమాటే. జపాన్ వాళ్లు 11 శాతం చుట్టుపక్కల ఖర్చుతో సగటున 84 ఏళ్లు బతుకుతుంటే, ఆ ఏడాది అమెరికన్ల ఆయుర్దాయం 77న్నర! పోనీ డాక్టర్ దగ్గరికి ఎక్కువసార్లు వెళ్తారా అంటే అందులోనూ జపాన్ వాళ్లదే పైచేయి. అసలు తేడా రేట్లలో ఉంది. జపాన్‌లో ప్రభుత్వమే దేశమంతటికీ ఒకే రేటు ఖరారు చేసి రెండేళ్లకోసారి సవరిస్తుంది, అమెరికాలో ఏ ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ కంపెనీ ఒక్కో ఆసుపత్రితో విడిగా బేరమాడుకుంటుంది, ఆ బిల్లుల గొడవ చూడ్డానికే బోలెడంత సిబ్బంది. పళ్లకైతే సాధారణంగా వేరే పాలసీ తీసుకోవాలి, దానికీ ఏడాదికి ఇంతే అని పరిమితి ఉంటుంది.

అలాగని మనది చవక అని మురిసిపోవడానికీ లేదు. 2021-22లో మన దేశం వైద్యానికి పెట్టింది జీడీపీలో 4 శాతం లోపే, అందులో 39 శాతం జనం నేరుగా జేబులోంచి కట్టిందే (2013-14లో అయితే ఇది 64 శాతం). డాలర్ల జీతంతో వచ్చే మీ అమ్మాయికి తెనాలి బిల్లు చిల్లర లెక్క, అక్కడే బట్టల షాపులో పనిచేసే అమ్మాయికి అదే బిల్లు నెల జీతంలో పెద్ద ముక్క.

నొప్పి ఇప్పటికే ఉంటే మాత్రం సెలవుల దాకా ఆగొద్దనండి. అమెరికాలోని డెంటల్ కాలేజీల్లో స్టూడెంట్లు, ప్రొఫెసర్ల పర్యవేక్షణలో కాస్త తక్కువకే చేస్తారు, ఒకసారి కనుక్కోమనండి.