సాకేకి గిరాకీ సరే, మరి ఆ బియ్యం ఎవరు పండిస్తారు?

ప్రశ్న: జపాన్ వాళ్ళ బియ్యపు మద్యం సాకేకి ప్రపంచమంతా గిరాకీ పెరిగిందంటున్నారు. అక్కడి పాత బ్రూవరీలు మూతపడుతున్నాయని కూడా చదివాను. ఏది నిజం?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: రెండూ నిజమేనండి. జపాన్‌లో సాకే అమ్మకాలు 1970ల్లోనే పతాక స్థాయికి చేరాయి. తర్వాత జనం బీరు, వైన్, విస్కీల వైపు మళ్ళడంతో ఇప్పుడు అందులో పావు వంతు కూడా లేవు. ఎగుమతులు మాత్రం 2014లో సుమారు 1,150 కోట్ల యెన్లు ఉంటే 2024లో 4,300 కోట్లు దాటాయి. ఎక్కువగా కొనేది చైనా, అమెరికా. 2024 డిసెంబరులో యునెస్కో ఈ తయారీ విద్యను వారసత్వ జాబితాలో చేర్చింది కూడా.

ఆ గుర్తింపు దక్కాల్సిందే. ఆవిరి మీద ఉడికించిన బియ్యం మీద కోజీ అనే బూజు పొడి చల్లి, వెచ్చటి గదిలో రెండు రోజుల పాటు, రాత్రిళ్ళు కూడా లేచి చేత్తో కలుపుతూ కాపలా కాస్తారు. అది పిండిని చక్కెరగా మారుస్తుంటే, తొట్టిలో ఈస్ట్ ఆ చక్కెరను అప్పటికప్పుడే ఆల్కహాల్ చేస్తుంది. ఖరీదైన రకాలకైతే గింజను సగానికి పైగా అరగదీస్తారు. దస్సాయ్ కంపెనీ సాకే ఒకదానికి గింజలో మిగిలేది 23 శాతమే!

ఆ దస్సాయ్ వాళ్ళే 2023లో న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో బ్రూవరీ తెరిచారు. అమెరికాలో వరికి పేరున్న అర్కాన్సాలో ఇప్పుడు సాకే బియ్యం రకం యమదా నిషికి కూడా పండిస్తున్నారు.

అయినా ఎగుమతులే పల్లెటూరి చిన్న బ్రూవరీలను నిలబెడతాయంటే నేను ఒప్పుకోను. తయారైన సరుకులో పదో వంతు కూడా దేశం దాటడం లేదు, దాటేదాంట్లోనూ ఖరీదైన సీసాలదే పెద్ద వాటా. పైగా కొత్తవాళ్ళు రావడానికి దారి ఇరుకు, స్వదేశంలో అమ్ముకునేందుకు కొత్త లైసెన్సులు దాదాపుగా ఇవ్వరు, 2021 నుంచి ఎగుమతికి మాత్రమే ఇస్తున్నారు.

అన్నిటికంటే పెద్ద టెన్షన్ బియ్యమే. యమదా నిషికి పొడుగ్గా పెరిగే వరి, గాలివానొస్తే చేనంతా పడిపోతుంది. 2024, 2025ల్లో జపాన్‌లో తిండి బియ్యం ధర రెట్టింపు దాకా వెళ్ళేసరికి, ఇంత కష్టపడి సాకే బియ్యం ఎందుకని రైతు అటు మళ్ళితే తప్పెలా పడతాం? ఎగుమతి లెక్కలు చూసినప్పుడల్లా అక్కడి బియ్యం ధర కూడా చూడండి.