హారికకు: రోడ్డు ఉప్పు గోదాము గురించి

చిరంజీవి హారికకు,
పెదనాన్న ఆశీస్సులు.

ఒంటారియోలో మీ ఊరి మునిసిపల్ యార్డు బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం తల్లీ. మంచు తోసే బండ్ల గురించి, డ్రైవర్ల షిఫ్టుల గురించి నీకు చెప్పేవాళ్లు అక్కడే బోలెడుమంది ఉంటారు. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పును దాచే గోదాము సంగతి మాత్రం మంచు పడేదాకా ఎవరికీ గుర్తు రాదు. అందుకే అదొక్కటే రాస్తున్నాను.

ఉప్పు తడవకూడదు. తడిసినా ఆ నీరు యార్డు గేటు దాటకూడదు. మిగతాదంతా దీని తర్వాతే. రోడ్డు మీద చల్లిన ఉప్పు ఎలాగూ వాగుల్లోకి పోతుంది, దాన్ని తగ్గించగలమే గాని ఆపలేం. గోదాములోంచి కారేదాన్ని ఆపడం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. ఉప్పులో ఉండే క్లోరైడ్‌ను మట్టి పట్టి ఉంచదు, సూక్ష్మజీవులు తినవు, ఎండకు ఆవిరైపోదు. నీటితో పాటే కదిలి బావులకు, చెరువులకు చేరుతుంది. నీటి ప్రాణులకు దీర్ఘకాలంలో హాని లేకుండా ఉండాలంటే లీటరుకు 120 మిల్లీగ్రాముల క్లోరైడ్ మించకూడదని కెనడా మార్గదర్శకం. నువ్వే లెక్క వేసుకో: ఒక్క టన్ను ఉప్పు కరిగితే సుమారు 50 లక్షల లీటర్ల మంచినీరు ఆ హద్దుకు చేరుతుంది. ఉప్పు ఎత్తి ట్రక్కుల్లో పోసే లోడర్ బకెట్ నుంచి రోజూ కాస్త కాస్త ఒలికేది సీజన్ మొత్తంలో ఎన్ని టన్నులవుతుందో నీ యార్డులో నువ్వే చూస్తావు.

మన నౌపడ ఉప్పు మడుల దగ్గర వానాకాలానికి ముందు కుప్పల మీద తాటాకులు కప్పేవాళ్లు. అక్కడ కుప్ప కరిగితే పోయేది మనిషి కష్టం. ఆ నేల ఎలాగూ ఉప్పు నేలే. మీ యార్డు వెనక పారేది మంచినీళ్ల వాగు. అందుకే ఇక్కడ కప్పు విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. బడ్జెట్ సమావేశంలో కొత్త ట్రక్కు కావాలా, గోదాము కప్పు మరమ్మతు కావాలా అని అడిగితే ముందు కప్పే అడుగు.

కింద తారు నేల ఉండాలి, దానికి పగుళ్లు ఉండకూడదు. గోదాము నేల చుట్టుపక్కల యార్డు కన్నా ఎత్తుగా ఉండి, వాననీరు తలుపు నుంచి దూరంగా పారేలా వాలు ఉండాలి. తలుపు గాలివాన కొట్టే వైపు ఉంటే మూసే ఏర్పాటు చేయించు. ఉప్పు ఇనుమును తినేస్తుంది, అందుకే ఇలాంటి గోదాములు చాలావరకు చెక్కతో కడతారు. కాంక్రీటు గోడలుంటే వాటి సందుల్లోంచి ఉప్పునీరు లోపలి చువ్వలదాకా పోతుంది. పైకి చిన్న బీటగా కనిపించినా వదిలేయకు.

ఎంత పడుతుందో అంచనా వేయడం తేలికే. పోసిన ఉప్పు దానంతట అది దాదాపు 32 డిగ్రీల వాలులో నిలుస్తుంది, ఘనమీటరు 1.3 టన్నుల దాకా తూగుతుంది. 15 మీటర్ల వ్యాసార్ధంతో గుట్ట పోస్తే ఎత్తు తొమ్మిది మీటర్లు దాటుతుంది, సుమారు 2,800 టన్నులు పడతాయి. అంతకు మించి గోడకు ఆనించి ఎత్తుగా పోయనివ్వకు. 2014 డిసెంబరు 30న చికాగోలో ఒక ఉప్పు గోదాము గోడ బద్దలై, పక్కనున్న కార్ల షోరూమ్ ఆవరణలో కార్లు ఉప్పు కింద పడిపోయాయి. అదృష్టం కొద్దీ మనుషులకు ఏమీ కాలేదు. గోడ మీద ఇంతవరకే అని ఎర్ర రంగు గీత గీయించు, దాన్ని ఎవరి తొందర కోసమూ దాటనివ్వకు.

గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తేమ లాగడం మొదలుపెడుతుంది, తర్వాత పైన గట్టి పొర కడుతుంది. గడ్డకట్టకుండా గనుల వాళ్లు సోడియం ఫెర్రోసయనైడ్ కలుపుతారు, కొన్నిసార్లు ఉప్పు లేత నీలంగా కనిపించేది అందుకే. అయినా పొర కడుతుంది. లోడర్ కింద నుంచి తవ్వుకుంటూ పోతే ఆ పొర చూరులా వేలాడి, ఒక్కసారిగా విరిగి మీద పడుతుంది. పై నుంచి విరగ్గొట్టించాకే తవ్వాలి, గుట్ట పక్కన మనిషి నడవకూడదు. ఈ విషయంలో ఎంత సీనియర్ ఆపరేటర్ అయినా మొహమాటపడకు. పాత ఉప్పు ముందు వాడించు, కొత్తది వెనక పోయించు.

కొనడం వేసవిలోనే. మీకు దగ్గరి గని గోడరిచ్, హ్యూరాన్ సరస్సు అడుగున 500 మీటర్ల పైచిలుకు లోతులో ఉంది. 2013-14 చలికాలంలో ఉత్తర అమెరికాలో చాలా నగరాలకు ఉప్పు చాలలేదు, తర్వాతి సీజనుకు ధరలు పెరిగాయి. అక్టోబరుకల్లా గోదాము నింపేసుకో. ఉప్పు దిగిన రోజే లోపలికి తోయించు, రాత్రికి బయట ఉంచకు. తప్పనిసరిగా బయట పోయాల్సి వస్తే తారు నేల మీదే పోసి, టార్పాలిన్ కప్పి, బరువులు పెట్టించు.

రోడ్ల మీద చల్లడానికి కలిపి ఉంచే ఉప్పునీటి ట్యాంకుల చుట్టూ, ట్యాంకు పగిలినా మొత్తం నిలిచేంత గట్టు ఉండాలి. ఆ ద్రావణం 23.3 శాతం దగ్గర ఉంచితే సుమారు మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టదు. అంతకన్నా పలచనైతే ముందే గడ్డకడుతుంది, చిక్కనైతే ముందే ఉప్పు పేరుకుంటుంది. ద్రావణం చిక్కదనం చూపే హైడ్రోమీటరుతో కొలవమను. ట్రక్కులు కడిగిన నీటిని పారబోయకు, నూనె, మట్టి వేరుచేసి ఆ నీటితోనే ద్రావణం కలుపుకోవచ్చు.

ఏడాదికి 500 టన్నులు మించి వాడే ఊళ్లకు 2004లో కెనడా ప్రభుత్వం ఒక నియమావళి తెచ్చింది, ఉప్పు నిర్వహణ ప్రణాళిక ఉండాలంటుంది. మీ ఊరి ప్రణాళిక ఎక్కడో ఫైల్లో ఉంటుంది. తీసి గోదాము పేజీలు చదువు, యార్డులో ఉన్నదానికీ అందులో రాసినదానికీ తేడాలు రాసుకో.

జూన్‌లో గోదాము ఖాళీగా ఉన్నప్పుడు ముందు నేల ఊడిపించి, తర్వాత తలుపు బయట నీళ్లు పోయించి అవి ఎటు పారుతున్నాయో చూడు. ఫొటోలు తీసి పంపితే, నీటిని పట్టే గొయ్యి ఎక్కడ తవ్వించాలో ఫోన్లో మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పెదనాన్న