జాజు పూసిన కొండ: ఒక యువ రచయిత్రికి ఉత్తరం

అమ్మాయీ,

అమెరికాలో, ఆరిజోనాలోని సెడోనా ఊరి మీద నువ్వు రాసిన వ్యాసం చేరింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిల్ ఉంది కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

'అద్భుతం' పదకొండుసార్లు వచ్చింది. 'ఎర్రని' పదిహేను దాటాక లెక్కపెట్టడం మానేశాను. ఒక్క రోజులో బెల్ రాక్, కేథడ్రల్ రాక్, కొండ మీది చర్చి, స్లయిడ్ రాక్, చివర్న ఎయిర్‌పోర్ట్ మీసా అనే బల్లపరుపు కొండ మీద సూర్యాస్తమయం. మెక్‌డొనాల్డ్స్ గుర్తు అక్కడ పసుపు బదులు నీలిపచ్చగా ఉంటుందన్న సంగతి కూడా వదల్లేదు. ఆ ఊరెళ్ళిన ప్రతివాళ్ళూ అది రాస్తారు, తీసెయ్. ఇవన్నీ నువ్వు చూశావని నమ్ముతాను, హాజరు పట్టీ చూపించక్కర్లేదు.

మొన్న ఫోన్‌లో నువ్వేం చెప్పావో గుర్తుందా? ఫీనిక్స్ నుంచి రెండు గంటలూ కారులో కునుకు తీసిన మీ అమ్మ, బెల్ రాక్ దగ్గర కళ్ళు తెరిచి "ఎవరే ఈ కొండకి జాజు పూసింది?" అందన్నావు. వ్యాసంలో ఆ మాటేదీ? దాని చోట 'అంగారక గ్రహం మీద దిగినట్టు అనిపించింది' అని ఉంది. అక్కడికి నువ్వూ వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. జాజు అలికిన అరుగు మీద మాత్రం మీ అమ్మ కూర్చుని ఉంటుంది. సైన్సు ప్రకారం చూసినా ఆవిడ మాటే గెలుస్తుంది. ఆ రాతిలో ఇసుక రేణువుల చుట్టూ పట్టిన ఐరన్ ఆక్సైడ్ వల్లే ఆ రంగు. జాజుకి ఎరుపు తెచ్చేదీ అదే. సుమారు 28 కోట్ల ఏళ్ళ నాటి రాయినీ పండగనాటి గడపనీ ఆవిడ నిద్రమత్తులో కలిపేసింది. నేను వారం రోజులు బుర్ర గోక్కున్నా నాకా వాక్యం రాదు. వ్యాసం అక్కడ మొదలుపెట్టు.

ఇంకోటి. పార్కింగ్ కోసం నలభై నిమిషాలు తిరిగారనీ, ఆ టెన్షన్‌లో మీ ఆయనా నువ్వూ మాట్లాడుకోవడం మానేశారనీ, వెనక సీట్లోంచి అమ్మ పెరుగన్నం డబ్బా అందించిందనీ కూడా ఫోన్‌లోనే విన్నాను. చర్చి గుమ్మం ముందు ఆవిడొక్కతే చెప్పులు విప్పిందనీ విన్నాను. రాసిందేమో, అది 1956లో కట్టారని, రెండు రాళ్ళ మధ్య నిలబెట్టారని. సంవత్సరం ఉండనీ, మంచిదే. కానీ ఆ చెప్పులు లేకపోతే అది బ్రోచర్‌లో వాక్యమే.

వాస్తవాల విషయంలో నాకూ ఒకసారి దెబ్బ తగిలింది. మా అబ్బాయి దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు 'సెడోనా అన్నది ఏదో స్పానిష్ మాట' అని ధీమాగా రాసేశాను. అచ్చయ్యాక ఒక పాఠకుడు ఉత్తరం రాసి దిద్దాడు. అది ఒక ఆడమనిషి పేరట! 1902లో ష్నెబ్లీ అనే ఆయన పోస్టాఫీసు కోసం పంపిన పేర్లు ముద్రలో పట్టనంత పొడుగయ్యాయి. మీ ఆవిడ సెడోనా పేరు పెట్టెయ్యమని ఆయన సోదరుడు సలహా ఇచ్చాడు. 1905లో వాళ్ళ చిన్నారి కూతురొకతె గుర్రం ప్రమాదంలో పోయింది. ఆ దుఃఖంతో వాళ్ళు ఊరే వదిలేశారు. సెడోనా మళ్ళీ ఎన్నో ఏళ్ళకి తిరిగొచ్చింది, 1950లో పోయింది. నేను కొండల రంగు గురించి నాలుగు పేజీలు నింపాను గానీ, తన పేరున్న ఊళ్ళో ఉండలేకపోయిన మనిషి గురించి ఒక్క ముక్క రాయలేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నువ్వు 'ఎడారి పట్నం' అన్నావు. మన పాఠకుడికి ఆ మాట వినగానే ఒంటెలు, ఇసుక తిన్నెలు కనిపిస్తాయి. అది నాలుగు వేల అడుగుల పైన ఉన్న ఊరు, చలికాలం మంచు పడుతుంది, ఓక్ క్రీక్ పక్కన ఆపిల్ తోట ఉంది. నువ్వు కాళ్ళు పెట్టిన ఆ నీళ్ళ చల్లదనం ఒక్క వాక్యంలో చెప్పు చాలు.

'వోర్టెక్స్‌లో దివ్యశక్తి ప్రవహించింది' అన్న పేరా దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. వోర్టెక్స్ అంటే, అక్కడ ఏదో శక్తి సుడి తిరుగుతుందని కొందరు నమ్మే చోటు కదా. నిజంగా నీకేమైనా అనిపించిందా? అనిపిస్తే ఎక్కడ, అరచేతుల్లోనా, వీపు మీదా? ఏమీ అనిపించకపోతే ఏమీ అనిపించలేదనే రాయి. మెలితిరిగిన జూనిపర్ చెట్టు కింద కళ్ళు మూసుకున్న జనం మధ్య నీకు ఆకలేసి ఉంటే, నాకు ఆ ఆకలే కావాలి.

తిరగరాసి పంపు, తొందరేం లేదు. ఈలోగా అమ్మనడిగి ఒకటి కనుక్కో: వాళ్ళింట్లో ఆ జాజు ఎక్కణ్ణుంచి తెచ్చేవారు? కొనేవారా, తవ్వుకొచ్చేవారా?

ఆశీస్సులతో,
మాస్టారు