తొమ్మిది పేజీల అభిమానం, రెండు పేజీల కథ

చిరంజీవికి,

నీ ఉత్తరం అందింది. పదకొండు పేజీలు. తొమ్మిది పేజీల నిండా అమెరికన్ రచయిత రాబర్ట్ జోర్డన్, ఆయన ‘వీల్ ఆఫ్ టైమ్’ ఫాంటసీ నవలలు. చివరి రెండు పేజీల్లో నువ్వు మొదలుపెట్టిన ఫాంటసీ నవల తొలి అధ్యాయం. పైన ఒక మూల చిన్న అక్షరాలతో, ముందు రాసినదంతా ఉత్సాహం కొద్దీ రాసిందే, తీరిక లేకపోతే వదిలేసి కథ ఒక్కటే చూడండి అని విన్నపం.

తీరిక ఉంది కాబట్టి అంతా చూశాను. నువ్వు వదిలేయమన్న తొమ్మిది పేజీలను రెండుసార్లు చదివాను. కథ దగ్గరికి వచ్చేసరికి మధ్యలో లేచి, కాసేపు పచార్లు చేసి, మళ్లీ కూర్చోవలసి వచ్చింది. కోపం తెచ్చుకోకు. నీకు రాయడం వచ్చు. అయితే ఆ రాత తొమ్మిది పేజీల్లోనే ఉండిపోయింది, ఈ రెండింటి దాకా రాలేదు.

కథలో ఏముంది? వెయ్యేళ్ల చీకటి, ఒక జోస్యం, ఎక్కడో పూడుకుపోయిన ఖడ్గం, మొదటి పేరాలోనే ఆరు రాజవంశాల పేర్లు. ఈ దారిన వెళ్లినవాళ్లందరూ వాడి వదిలేసిన సామాను ఇది. మరి ఉత్తరంలో? జోర్డన్ నవలల్లోని నైనీవ్‌కు కోపం వచ్చిన ప్రతిసారీ జడ పట్టుకుని లాగుతుందనీ, మొదట్లో నవ్వు వచ్చిందనీ, వందల పేజీలు గడిచాక విసుగు పుట్టిందనీ, ఆ తర్వాత ఒకరోజు ఎవరితోనో గొడవ పడుతుంటే నీ చెయ్యి నీకు తెలియకుండానే నీ జడ మీదికి పోయిందనీ రాశావు. పదమూడో సంపుటంలో పరీక్ష మధ్య ఆ జడ కాలిపోతే పుస్తకం మూసి ఊరికే కూర్చున్నానన్నావు. అక్కడ నాకు మనిషి కనిపించింది. జడ లాగే మనిషి కొంత, చదివే మనిషి ఎక్కువ.

నువ్వు అడిగిన ప్రశ్నకు వస్తాను. ఆరుగురు స్నేహితులు కలిసి వారానికోసారి గంటల తరబడి ఈ నవలల గురించే చెప్పుకుంటున్నారు. ఆ కాలమంతా రాతకు పెడితే బాగుపడతానా అని నీ అనుమానం. ఆ కూటమి మానకు. అక్కడ నువ్వు మాట్లాడడం కొంచెం తగ్గించి, మిగతావాళ్లు దేని గురించి మాట్లాడుతున్నారో విను.

నీ వయసులో నాకు ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ పిచ్చి. ఆయన్ను చూసి పటాలు గీశాను, పర్వతాలకు పేర్లు పెట్టాను, ఒక కల్పిత జాతికి లిపి కూడా తయారు చేశాను. లిపి సిద్ధమైంది కానీ ఆ భాష మాట్లాడేవాడు ఒక్కడూ పుట్టలేదు. అలాంటి రోజుల్లో ఒకసారి చదువరులం పదిమందిమి చేరాం. ఏ యుద్ధ ఘట్టం గొప్పదన్న దాని మీద గొంతులు లేస్తున్నాయి. ఒక పెద్దాయన మూల కూర్చుని వింటున్నాడు. మీకు ఏ చోటు ఇష్టమని ఎవరో అడిగితే, “శామ్ గిన్నెలు పారేసే చోటు” అన్నాడు. అంతే, ఇంకేమీ చెప్పలేదు. రెండు చేతులూ దోసిలిగా పట్టి కిందికి వదిలేసినట్టు చూపించాడు. గదిలో చప్పుడు ఆగిపోయింది.

ఇంటికి వెళ్లి ఆ చోటు వెతికాను. దుష్టశక్తి ఉంగరాన్ని నిప్పుల కొండలో పడేయడానికి ఫ్రోడో, అతని వెంట ఉండే శామ్ చేసే ప్రయాణం చివరికొచ్చింది, కొండ ఇంకా దూరం, ఒంట్లో ఓపిక లేదు, మోయగలిగినంత తప్ప అన్నీ వదిలేయాలి. శామ్ తన సంచిలోంచి వంటగిన్నెలు తీసి నేల పగుల్లో పడేస్తాడు. అవి చీకట్లోకి దొర్లుతూ చేసిన చప్పుడు అతనికి చావుగంటలా వినిపిస్తుంది. బాగానే ఉంది, కానీ గిన్నెలు పడితే నేనెందుకు ఏడవాలి? జవాబు కోసం వెనక్కి తిరగేశాను. రెండో భాగంలో దొరికింది. శత్రువుల దేశం అంచున, ఇద్దరూ ఆకలితో ఉన్నప్పుడు, శామ్ కుందేలు కూర వండుతాడు. ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు గిన్నెలు, కొయ్య గరిటె, చిన్న ఉప్పుడబ్బీ. ఇంటి దగ్గర్నుంచి మోసుకొచ్చినవి. రచయిత వాటిని అక్కడ మన చేతికి ఇచ్చాడు, వందల పేజీలు మన చేతే మోయించాడు, బరువు మనకు అలవాటయ్యాక లాక్కున్నాడు. పటాలు గీసినన్నాళ్లూ నాకు తెలియని సంగతి ఆ పెద్దాయన రెండు చేతులతో చూపించాడు. లిపి కాగితాలు ఆ వారమే చించేశాను. కాస్త తొందరపడ్డాను, ఇప్పుడు చూసుకుంటే సరదాగా ఉండేది.

అందుకే అభిమానాన్ని చెప్పుకోవడం వృథా అంటే నేను ఒప్పుకోను. అద్భుతం, అమోఘం అని ఊరుకుంటే మాత్రం వృథాయే. ఆ మాటలు నీ కూటమిలో కొన్నాళ్లు నిషేధించండి. ఏ చోటు, అక్కడ ఎవరు ఏం చేశారు, దానికి ముందు ఎక్కడ ఏం చెప్పి ఉంచబట్టి అది పనిచేసింది, ఈ మూడూ చెప్పలేని వాళ్లు ఆ వారానికి శ్రోతలే. నువ్వు జడ గురించి రాసినప్పుడు ఎవరూ అడగకుండానే ఈ పని చేశావు. దాన్ని కథ కిందకు ఎందుకు లెక్కవేయలేదో నాకు అర్థం కాలేదు.

ఇంకొకటి. చదువరులు అందరికంటే ఎక్కువ దేని గురించి మాట్లాడతారో గమనించావా? రచయిత చెప్పకుండా వదిలేసిన దాని గురించి. జోర్డన్ దగ్గరే ఉదాహరణ ఉంది. 1993లో వచ్చిన అయిదో సంపుటం చివర అస్మోడియన్ అనే పాత్ర మంచి ద్రాక్షసారా దొరుకుతుందేమోనని ఒక చిన్న తలుపు తీస్తాడు. ఎదురుగా ఎవరినో చూసి ముఖంలో రక్తం ఇంకిపోతుంది. నువ్వా అంటాడు. మాట గాలిలో ఉండగానే చచ్చిపోతాడు. ఎవరు చంపారో పుస్తకం చెప్పదు. చదువరులు అనుమానితుల పట్టికలు వేశారు. ఎవరికి అవకాశం ఉంది, ఎవరికి అవసరం ఉంది, ఆ సమయానికి ఎవరు ఎక్కడున్నారు అని పోలీసు విచారణ నడిపారు. జోర్డన్‌ను నేరుగా అడిగితే, ఆధారాలన్నీ పుస్తకంలోనే ఉన్నాయి పొమ్మన్నాడు. ఏది అడిగినా చదివి తెలుసుకోమనడం ఆయన అలవాటు. జవాబు అచ్చులోకి వచ్చింది 2010లో, పదమూడో సంపుటం వెనక పదకోశంలో, ఒక చిన్న వివరణగా. పదిహేడేళ్లు! ఎవరో ఇక్కడ రాయను, ఆ నవలలు చదవనివాళ్ల చేతిలో ఈ ఉత్తరం పడితే నన్ను తిట్టుకుంటారు.

అయితే ఖాళీ వదిలితే చాలు, జనం చర్చించుకుంటారు అనుకుని అన్నిటినీ సగంలో వదిలేయకు. నీ అధ్యాయంలో ఆ తప్పు ఉంది. ముసుగు మనిషి ఎవరో, ఎందుకొచ్చాడో, ఏం పట్టుకుపోయాడో ఏదీ తెలియదు. అన్నీ తెలియనప్పుడు దేని గురించీ అడగబుద్ధి కాదు. అస్మోడియన్ చావులో తలుపు తెలుసు, సారా తెలుసు, ముఖం పాలిపోవడం తెలుసు. ఒక్క పేరు తెలియదు. ఆ ఒక్కటే పదిహేడేళ్లు మోగింది.

జోర్డన్ పోయింది 2007 సెప్టెంబరులో, పదకొండు సంపుటాలు వచ్చాక, చివరిది రాస్తూ. ఆ తర్వాత జరిగింది నీకు తెలుసు, ఆ తొమ్మిది పేజీల్లో రెండు దాని గురించే రాశావు. కుర్రతనం నుంచి ఆ నవలలు చదువుతూ పెరిగిన బ్రాండన్ శాండర్సన్, అప్పటికి కొత్త రచయిత, తన అభిమాన రచయిత పోయాడని ఒక నివాళి రాసుకున్నాడు. జోర్డన్ భార్య హారియట్ మెక్‌డూగల్, ఆ నవలల సంపాదకురాలు కూడా ఆమే, అది చదివింది. మిగిలిన కథ అతని చేతికి ఇచ్చింది. ఒక సంపుటం అనుకున్నది మూడైంది, చివరిది 2013 జనవరిలో వచ్చింది. నువ్వు దీన్ని అదృష్టంగా చూశావు. అలాంటి అదృష్టం కోసం కాచుక్కూర్చోవద్దని నేను చెప్పనక్కరలేదు. అతను ఆ నివాళి దరఖాస్తుగా రాయలేదు. దుఃఖం వచ్చి రాశాడు. నీ తొమ్మిది పేజీలూ అలా రాసినవే, అందుకే బాగున్నాయి. కథ రెండు పేజీలు మాత్రం నాకు చూపించడానికి రాశావు.

అభిమానం చెడిపోవడం కూడా చూశాను. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ కథల రచయిత జార్జ్ మార్టిన్ వరుసలో అయిదో నవల 2011లో వచ్చింది, ఆరోదాని కోసం చదువరులు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఎదురుచూడడంలో తప్పు లేదు. కొందరు అప్పులవాళ్లలా గుమ్మంలో నిలబడి బాకీ అడుగుతున్నారు, అది నాకు నచ్చదు. నీ కూటమిలో ఆ గొంతు మొదలైన రోజు లేచి వచ్చేయి.

ఇంగ్లిషు హాస్య ఫాంటసీ రచయిత టెర్రీ ప్రాచెట్ చదువరుల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. ఆయన 2004 నాటి నవలలో దూరదూరాలకు కబుర్లు చేరవేసే గోపురాల వరుస ఉంటుంది. వాటి మీద పనిచేస్తూ చనిపోయినవాడి పేరును సహోద్యోగులు ఆగనివ్వరు. ఒక సంకేతంతో అటూ ఇటూ పంపుతూనే ఉంటారు. సంకేతంలో మూడు అక్షరాలు. జి అంటే ముందుకు పంపు. ఎన్ అంటే చిట్టాలో రాయకు. యు అంటే వరుస చివరికి చేరాక వెనక్కి తిప్పు. 2015 మార్చిలో ప్రాచెట్ పోయినప్పుడు, కంప్యూటర్ పని తెలిసిన చదువరులు అదే సంకేతాన్ని ఆయన పేరుకు తగిలించి, తమ వెబ్‌సైట్ల సర్వర్లు పంపే ప్రతి జవాబులోనూ కంటికి కనబడని వరుసలో పెట్టారు. పేజీ తెరిచినవాళ్లకు ఏమీ కనిపించదు, పేరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది, అది పక్కన పెట్టు. పనివాడిగా చూడు. వాళ్లు అది ఎందుకు చేయగలిగారు? మూడు అక్షరాలకూ మూడు పనులు రచయిత సరిగ్గా కుదిర్చాడు కాబట్టి. ఏదో మంత్రశక్తితో పేరు నిలిచింది అని రాసి ఉంటే ఎవరూ దాన్ని బయటికి పట్టుకొచ్చి వాడుకోలేరు. నీ ఆరు రాజవంశాలూ తీసేసి, ఒక్క వస్తువు, చివరి మేకు దాకా పనిచేసేది తయారు చేయి.

నీ ఆరుగురిలో ఒకరిని ఎంచుకుని, సగం రాసినవి వాళ్లకు చదివి వినిపించు. టోల్కీన్‌కు స్నేహితుడు, రచయిత సి. ఎస్. లూయిస్ అలా దొరికాడు. చాలాకాలం ఆయన రాతకు అతనొక్కడే శ్రోత, అతని ప్రోత్సాహమే లేకపోతే పుస్తకం పూర్తయ్యేది కాదని టోల్కీన్ తర్వాత రాసుకున్నాడు. మెచ్చుకునేవాళ్లను ఎంచుకోమని అనడం లేదు, తర్వాత ఏమైందని అడిగేవాళ్లను చూసుకో.

ఇక నన్ను గురువుగారూ అని రాయడం మాను. ఆ పిలుపు చూడగానే మనిషి సలహాలు పొడిగిస్తాడు, ఇప్పుడు చూశావుగా.

అధ్యాయం తిరిగి పంపుతున్నాను, దిద్దలేదు. ఉత్తరం తొమ్మిది పేజీలూ నా దగ్గరే ఉంచుకుంటున్నాను. కావాలంటే నకలు పంపిస్తాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి

తాజాకలం: జవాబు తెలియకముందు అస్మోడియన్ విషయంలో నువ్వు ఎవరిని అనుమానించావో ఎక్కడా రాయలేదు. వెంటనే రాయి. నేను అనుమానించిన మనిషి అసలు ఆ ఊళ్లోనే లేడని తర్వాత తేలింది.